పసిబిడ్డలకు జ్వరములో వచ్చు మూర్ఛ

పసిబిడ్డలున్న యింటికి జ్వరము క్రొత్త చుట్టము కాదు. జలుబో, చెవిపోటో, విరేచనములో ఏదో ఒకటి వచ్చును, ఒళ్ళు వెచ్చబడును, రెండు మూడు దినములలో తగ్గిపోవును. కాని ఒక్కొక్కప్పుడు ఆ జ్వరములోనే, అంతవరకు తల్లి ఒడిలో మూలుగుచుండిన బిడ్డ హఠాత్తుగా కొయ్యబారి, కనుగ్రుడ్లు పైకి తేలవేసి, కాలుసేతులు కొట్టుకొనసాగును. పండ్లు గిట్టకరచును, నోట నురుగు వచ్చును, పెదవులు నీలివర్ణము దాల్చును. పిలిచిన పలుకడు, తట్టిన తెలియదు. ఆ దృశ్యమును మొదటిసారి చూచిన తల్లిదండ్రులలో పెక్కుమంది, బిడ్డ తమ చేయి దాటిపోయినాడనియే తలచెదరు. అట్లు తలచుటలో తప్పు లేదు. చూచుటకు అంత భయంకరమైన సంగతులు ఇంటిలో తరచుగా జరుగవు.

దీనినే జనులు ఫిట్స్ అనియు, ఈడ్పులనియు, కొన్నిచోట్ల బాలగ్రహమనియు అందురు. వైద్యులు జ్వరపు మూర్ఛ అని వ్యవహరింతురు. చూపునకు భయంకరమైనదంతయు ప్రాణాపాయకరము కాదు. తేలికగా కనిపించినదంతయు తేలిక కాదు. ఈ రెండింటి నడుమ భేదమును గృహస్థులు ముందుగానే తెలిసికొనియుండుట మంచిది. మూర్ఛ వచ్చిన నిమిషమున పుస్తకము వెదకుటకు గాని, పెద్దలను సంప్రదించుటకు గాని వ్యవధి యుండదు. కనుక ఈ ప్రసంగమున మేము మూడు సంగతులు మాత్రము చెప్పదలచితిమి: ఇది యెందువలన వచ్చును, వచ్చినపుడు ఏమి చేయవలెను, ఏ గుర్తులు కనిపించినపుడు దీనిని సామాన్యముగా ఎంచరాదు.

ఈ వ్యాధి నేటిది కాదు. పసివారికి తీవ్రజ్వరములో ఈడ్పులు వచ్చుననియు, ఏడేండ్లలోపు వారికే అది యెక్కువ యనియు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు గ్రంథములలో కలదు. మన సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున పసిబిడ్డలను పీడించు తొమ్మిది బాలగ్రహములు వర్ణింపబడినవి. స్కందాపస్మారము వానిలో నొకటి. కారణము కంటికి కనబడని కాలమున పూర్వులు దానికొక పేరు పెట్టి, లక్షణములను శ్రద్ధగా గుర్తించిరి. నేడు కారణము చాలవరకు తెలిసినది. తెలిసిన పిమ్మట గ్రహమను భయముతో కాలము గడపుట తగదు.

జ్వరపు మూర్ఛ సాధారణముగా ఆరు నెలలు నిండిన పిల్లలకు, ఐదేండ్లలోపున వచ్చును. ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గల వయస్సున ఇది మిక్కిలి హెచ్చు. పాశ్చాత్యదేశముల లెక్కల ప్రకారము నూటికి ఇద్దరు మొదలు ఐదుగురు పిల్లలకు ఒక్కసారియైనను ఇది కలుగుచున్నది. జపానులో ఇంకను అధికము. అనగా ఒక పెద్ద వీధిలో పిల్లలను లెక్కించినచో, ఈ అనుభవము గల తల్లి ఒకరైనను ఉండకపోరు. శరీరపు వేడి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, లేక 38 డిగ్రీల సెల్సియస్, దాటినపుడు జ్వరమని యెంచుదుము. మూర్ఛ తరచుగా జ్వరము వచ్చిన మొదటి దినముననే వచ్చును. కొందరిలో మూర్ఛ వచ్చిన తరువాతనే ఒళ్ళు కాలుచున్నదని తెలియును. ఇది ముఖ్యమైన సంగతి. దీనిని మరల ప్రస్తావింతుము.

మెదడులోని కణములు సూక్ష్మమైన విద్యుత్ప్రేరణల ద్వారా ఒకదానికొకటి వార్తలు పంపుకొనును. ఆ రాకపోకలకు ఒక క్రమము, ఒక హద్దు కలవు. పసితనమున ఆ హద్దులు ఇంకను గట్టిపడియుండవు. ఒళ్ళు వేడెక్కినపుడు, రోగక్రిములతో పోరాడునపుడు శరీరమున పుట్టు కొన్ని పదార్థములు తోడైనపుడు, కొందరి పిల్లల మెదడుకణములు ఒక్కుమ్మడిగా చెలరేగును. ఆ తాకిడికి కండరములన్నియు బిగిసి కొట్టుకొనును, స్మృతి తప్పును. రేడియో వినువారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. మెరుపు మెరసినపుడు పాట చెదరి గరగరమను ధ్వని వచ్చును. పెట్టె చెడిపోలేదు, పాడువారు మానలేదు. మెరుపు పోగానే పాట మరల వినవచ్చును. సామాన్యమైన జ్వరపు మూర్ఛయు ఇట్టిదే. మెదడునకు గాయము కాలేదు. కొద్దిసేపు దాని క్రమము చెదరినది.

అందరి పిల్లలకు జ్వరము వచ్చుచుండగా కొందరికే మూర్ఛ యేల రావలెను? ఇందులో వంశము పాలు కొంత కలదు. తల్లికో తండ్రికో అన్నకో చిన్నతనమున వచ్చియుండినచో బిడ్డకు వచ్చుటకు అవకాశము హెచ్చు. కాబట్టి అవ్వను, తాతను అడిగి తెలిసికొని వైద్యునితో చెప్పుట మంచిది. రక్తహీనతతో, ముఖ్యముగా ఇనుము లోపముతో, ఈ మూర్ఛలకు సంబంధము కలదని పెక్కు పరిశీలనలు తెల్పుచున్నవి. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున ఆరు నెలల నుండి ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మంది రక్తహీనులు. పాలిపోయిన బిడ్డకు రక్తపరీక్ష చేయించి, అవసరమైనచో ఇనుము మందు వాడుట మూర్ఛకొరకు కాకున్నను బిడ్డ పెరుగుదలకొరకు చేయదగిన పనియే.

టీకాల సంగతియు చెప్పవలెను. టీకా వేసిన దినమునో మరుదినమునో, తట్టు టీకాయైనచో సుమారు రెండవ వారమునో జ్వరము వచ్చి, ఎక్కడనో ఒక బిడ్డకు మూర్ఛ కలుగవచ్చును. అది టీకా విషమగుటచేత కాదు, జ్వరము వచ్చుటచేత. ఆ పేర టీకాలు మానివేసినచో, తట్టువంటి రోగములు నిజముగనే మెదడును చెరచును. వైద్యునికి ఆ సంగతి తెలిపి, తరువాతి టీకాలు వేయించుటయే మార్గము.

ఇక మూర్ఛ వచ్చినపుడు చేయవలసిన పని. అది చాల తక్కువ, అందువలననే కష్టము. బిడ్డను ఎత్తుకొని పరుగెత్తవద్దు. నేలపై చాపమీదనో దుప్పటిమీదనో, ఒక ప్రక్కకు ఒత్తిగిలునట్లు పరుండబెట్టుడు. ప్రక్కకు తిరిగియున్నచో నోటిలోని లాలాజలము, వాంతి బయటకు కారిపోవును, ఊపిరిగొట్టములోనికి పోదు. మెడచుట్టు గుండీలు, దారములు వదులు చేయుడు. దగ్గరనున్న కత్తిపీట, చెంబు, బల్లకోళ్ళు మొదలైనవానిని తొలగింపుడు. తల క్రింద మడిచిన వస్త్రము ఉంచుడు. చుట్టు మూగినవారిని వెనుకకు పొమ్మనుడు, గాలి తగులనిండు.

ఆ వెంటనే గడియారము చూడుడు. ఇది అన్నిటికంటె ముఖ్యము. భయములో ఒక నిమిషము గంటగా తోచును. "అరగంటసేపు కొట్టుకొన్నాడు" అని చెప్పిన తల్లుల మాటను మేము విచారించి చూడగా, రెండు మూడు నిమిషములే యని తేలిన సందర్భములు పెక్కు కలవు. రేడియోలో ఐదు నిమిషముల వార్తలు ఎంతసేపు సాగునో మీకు తెలియును. సామాన్యముగా ఈ మూర్ఛ ఆ వార్తలు ముగియకమునుపే తనంతట తాను ఆగిపోవును. కాలమును గుర్తించుటతోపాటు, ఏ ప్రక్క కాలుసేతులు కొట్టుకొన్నవి, కన్నులు ఎటు తిరిగినవి అని కూడ గమనింపుడు. చేతిఫోను దగ్గరనున్నచో మరియొకరు కొద్దిసేపు చిత్రము తీసినను మంచిదే. వైద్యునికి ఆ వివరములు మందుచీటీవలె ఉపయోగించును.

చేయరాని పనులు ఇంతకన్న ఎక్కువ. మన యిండ్లలో ప్రేమతో చేయు అపకారములన్నియు ఇక్కడనే జరుగుచున్నవి. పండ్ల నడుమ చెంచా, గుడ్డ, వ్రేలు ఏదియు పెట్టరాదు. నాలుక మ్రింగుకొనునను మాట నిజము కాదు. చెంచా వలన పండ్లు విరుగుట, దవడ చీరుకొనుట మాత్రము నిజము. నోటిలో నీళ్ళు, పాలు, మందు పోయరాదు. స్మృతిలేని బిడ్డ వానిని మ్రింగలేడు, అవి ఊపిరితిత్తులకు పోవును. కాలుసేతులు అదిమి పట్టరాదు. బలవంతమున మూర్ఛ ఆగదు, ఎముకకు దెబ్బ తగులవచ్చును. చేతిలో తాళపుచెవులగుత్తి పెట్టుట, ముక్కున ఉల్లిపాయ గాని చెప్పు గాని వాసన చూపుట వలన ప్రయోజనము లేదు. తాళపుచెవి పెట్టగానే తగ్గినదని పలువురు చెప్పుదురు. తగ్గవలసిన సమయమునకు తగ్గినది. ఆ సమయమునకే తాళపుచెవి చేతికి వచ్చినది. జ్వరము దించవలెనని స్మృతిలేని బిడ్డను చన్నీళ్ళ తొట్టిలో దించుట మిక్కిలి ప్రమాదకరము.

అన్నిటికన్న క్రూరమైనది వాతలు పెట్టుట. నుదుటనో, పొట్టపైననో కాల్చిన సూదితోనో పసుపుకొమ్ముతోనో చురక వేయు ఆచారము కొన్ని పల్లెలలో నేటికిని పూర్తిగా పోలేదు. వాత వలన మూర్ఛ ఆగినట్లు కనిపించుట తాళపుచెవి వలన ఆగుటవంటిదే. కాని తాళపుచెవి వలన పుండు పడదు. వాతపుండు చీము పట్టి, ఆ విషము రక్తమున కలిసి, మూర్ఛ వలన చావని బిడ్డ చికిత్స వలన చచ్చుట సంభవించును. పెద్దలపై గౌరవము ఉంచుకొనియే, ఈ ఒక్క విషయమున వారి మాటను కాదనవలెను.

ఐదు నిమిషములు గడచినను మూర్ఛ ఆగకున్నచో ఇక ఇంటిలో నుండరాదు. తెలుగునాట 2005వ సంవత్సరమున ఆరంభమైన 108 వాహనమునకు ఫోను చేయుడు. లేదా దొరికిన వాహనములో దగ్గరి ఆసుపత్రికి, బిడ్డను ప్రక్కకు తిరిగియుండునట్లే పట్టుకొని, పొండు. ఆసుపత్రి ఎంత దూరమనునది తెలిసియుండవలెను కాని, పేరుపొందినదా కాదా యని ఆలోచింపరాదు. దీర్ఘకాలము సాగు మూర్ఛను ఆపు మందులు ప్రాథమికారోగ్య కేంద్రములలో సైతము ఉండదగినవి. మరల మరల మూర్ఛ వచ్చు పిల్లల తల్లిదండ్రులకు, ముక్కులో చల్లు మిడజోలామ్ అను మందును ఇంటిలో ఉంచుకొనుమని వైద్యులు చెప్పుటయు కలదు. దాని కొలత బిడ్డ బరువును బట్టి వైద్యుడు వ్రాసి యీయవలెను. పొరుగింటి బిడ్డ మందును ఎరువు తెచ్చుకొనరాదు.

మూర్ఛ ఆగిన పిమ్మట బిడ్డ కొంతసేపు మత్తుగా నిద్రించును, లేచి చికాకు పడును. ఒక గంటలోపున తల్లిని గుర్తించి, పాలు త్రాగి, మునుపటివలె నుండును. అట్లుండినను, మొదటిసారి వచ్చినపుడు ఆ దినముననే వైద్యునికి చూపవలెను. ఏలయనగా ఇక్కడ వైద్యుడు విచారించునది మూర్ఛను గూర్చి మాత్రమే కాదు. జ్వరమునకు కారణమేమి యని. చెవిలో చీమా, గొంతునొప్పియా, మూత్రమున దోషమా, ఒంటిపై పొక్కులు వచ్చు పసివారి వైరస్ జ్వరమా యని చూచును. మెదడుపొరల వాపుగాని, మెదడువాపుగాని కాదని నిశ్చయించుకొనును. జ్వరము, మూర్ఛ అను ఈ రెండు లక్షణములు ఆ భయంకరవ్యాధులలోను ఉండును. వరిపొలముల నిలువనీటిలో పెరుగు దోమల వలన వచ్చు జపనీస్ మెదడువాపు, మన్యప్రాంతములలో మెదడునకెక్కు మలేరియా మన ప్రాంతమునకు తెలియని రోగములు కావు. అందుచేత "జ్వరములో ఫిట్స్ సహజమే" యని విని ఊరకుండుటయు తప్పే.

ఈ గుర్తులు జ్ఞాపకముంచుకొనుడు. మూర్ఛ ఆగి గంట దాటినను బిడ్డ తెలివికి రాకుండుట, మరల మరల వాంతులు, మెడ వంచలేకుండుట, మాడు ఉబ్బియుండుట, పాలు ముట్టకుండుట, ఆగని కీచుఏడ్పు, ఒత్తినను మాయని ఎర్రని లేక ఊదారంగు మచ్చలు, శ్వాసకష్టము. ఆరు నెలల లోపున గాని, ఐదేండ్లు దాటిన పిమ్మట గాని మొదటిసారి మూర్ఛ వచ్చుట; ఒక ప్రక్క కాలుసేతులే కొట్టుకొనుట; పదునైదు నిమిషములు సాగుట; ఒక్క దినములోనే రెండవసారి వచ్చుట. వీనిలో ఏది కనిపించినను అది సాదా మూర్ఛ కాదు. ఆసుపత్రిలో ఉంచి పరీక్షింపవలెను. అవి లేక, బిడ్డ చురుకుగా నున్నచో తల ఫొటోలు, మెదడు విద్యుత్తరంగముల పరీక్ష మున్నగునవి సాధారణముగా అక్కరలేదు. జ్వరపు వణకును మూర్ఛగా భ్రమించుటయు కలదు. వణకులో బిడ్డకు స్మృతి యుండును, పిలిచిన చూచును, చేయి పట్టుకొన్నచో వణకు నిలుచును.

తరువాత తల్లిదండ్రులు అడుగు మొదటి ప్రశ్న: "మరల వచ్చునా?" రావచ్చును. ఒకసారి వచ్చిన పిల్లలలో సుమారు మూడవవంతు మందికి మరియొక జ్వరములో వచ్చును. ఏడాది నిండకమునుపే మొదలైనచో సగము మందికి రావచ్చును. రెండవ ప్రశ్న: "పెద్దయైన పిదప మూర్ఛరోగియగునా?" సామాన్యముగా నూటికి ఒకరికి వచ్చు మూర్ఛరోగము, సాదా జ్వరపు మూర్ఛ వచ్చినవారిలో నూటికి ఒకరికో ఇద్దరికో వచ్చును. ఒక ప్రక్కకే వచ్చినవారికి, దీర్ఘముగా సాగినవారికి, ముందే ఎదుగుదల లోపము గలవారికి ఇంతకన్న హెచ్చు. మూడవ ప్రశ్న గొంతు తగ్గించి అడుగుదురు: "బుద్ధి మందగించునా?" అమెరికాలో నెల్సన్, ఎలెన్‌బర్గ్ అను పరిశోధకులు జ్వరపు మూర్ఛ వచ్చిన 1,706 మంది పిల్లలను ఏడేండ్ల వయస్సు వరకు కనిపెట్టి చూచిరి. 1978లో వారు ప్రకటించిన ఫలితములలో, ఆ పిల్లల తెలివి మూర్ఛ రాని తోబుట్టువుల తెలివికి తీసిపోలేదని తేలినది. బ్రిటనులో 1970 ఏప్రిలున ఒకే వారములో పుట్టిన పిల్లలను పదవయేట పరీక్షించినపుడును ఇదే ఫలితము వచ్చినట్లు 1998లో ప్రకటించిరి. ఈ బిడ్డ బడికి పోవును, ఆడును, చదువును. వివాహసంబంధముల నాడు దాచవలసిన కళంకము ఇది కాదు.

నాలుగవ ప్రశ్న రాకుండ ఆపుట యెట్లని. ఇక్కడ మేము చెప్పునది కొందరికి వింతగా తోచును. జ్వరము కనబడగానే పారాసిటమాల్ వేసి వేడిని దించినచో మూర్ఛ రాదని అందరును నమ్ముదురు. పలుమారులు జాగ్రత్తగా పరీక్షించి చూడగా, ఆ మందు జ్వరబాధను తగ్గించునే కాని మూర్ఛను ఆపదని తేలినది. ముందు చెప్పినట్లు, కొందరిలో జ్వరము తెలియకమునుపే మూర్ఛ వచ్చును గదా! కనుక "మందు వేళకు వేయలేదు, అందుకే వచ్చినది" అని అత్తగారు కోడలిని గాని, భర్త భార్యను గాని నిందించుట అన్యాయము. తల్లి తనను తాను నిందించుకొనుటయు అట్టిదే. ఈ ఒక్క మాట యింటిల్లిపాది విన్నచో ఈ ప్రసంగము సార్థకమైనట్లే.

ఐనను బిడ్డ బాధపడుచుండగా పారాసిటమాల్ ఈయవలసినదే. బరువులో కిలో ఒక్కింటికి 10 మొదలు 15 మిల్లీగ్రాముల వంతున, అనగా పది కిలోల బిడ్డకు 100 మొదలు 150 మిల్లీగ్రాములు, మోతాదునకు మోతాదునకు నాలుగు గంటలకు తక్కువ కాకుండ, దినమునకు నాలుగు మోతాదులు మించకుండ ఈయవచ్చును. చుక్కల మందు వేరు, సిరపు వేరు. సిరపులలోను బలములు వేరు. సీసాపై వ్రాసినది చదివి, దానితో వచ్చిన కొలపాత్రతోనే పోయవలెను. ఆస్పిరిన్ పిల్లలకు జ్వరములో ఈయరాదు. పలుచని బట్టలు తొడుగుడు, తరచుగా పాలు, నీళ్ళు పట్టుడు. మంచుగడ్డలతోను, స్పిరిటుతోను ఒళ్ళు తుడువరాదు.

మూర్ఛమందులు నిత్యము వాడుట మరియొక పద్ధతి. ఒకప్పుడు ఫినోబార్బిటోన్ విరివిగా ఇచ్చెడివారు. 1990లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, రెండేండ్లు ఆ మందు వాడిన పిల్లల బుద్ధిసూచిక, వాడని పిల్లలకన్న సుమారు 8 అంకెలు తక్కువగా నుండెను. మూర్ఛలు మాత్రము తగ్గలేదు. 2008లో అమెరికా పిల్లవైద్యుల సంఘము, సాదా జ్వరపు మూర్ఛకు నిత్యము గాని, జ్వరదినములలో గాని మూర్ఛమందు వాడుటను సమర్థింపలేదు. మాటిమాటికి వచ్చు కొందరికి జ్వరము ఉన్న రెండు మూడు దినములు మాత్రము క్లోబజామ్ ఈయుట మన దేశమున కలదు. అది ఆ బిడ్డను చూచు వైద్యుడు నిర్ణయింపవలసిన సంగతి.

మూర్ఛ వచ్చిన బిడ్డ గల యింట ఒక కాగితముపై నాలుగు మాటలు వ్రాసి గోడకు అంటించుడు: ప్రక్కకు పరుండబెట్టవలెను, గడియారము చూడవలెను, నోటిలో ఏమియు పెట్టరాదు, ఐదు నిమిషములు దాటినచో 108. తల్లి పనికి పోయినపుడు బిడ్డను చూచు అమ్మమ్మకు, పొరుగింటివారికి, అంగన్‌వాడీ టీచరుకు దానిని చదివి వినిపింపుడు. మూర్ఛ తల్లి దగ్గరనున్నపుడే రావలెనను నియమము లేదు. ఐదేండ్లు నిండునప్పటికి ఈ పిల్లలలో చాలమందికి ఈ మూర్ఛలు వాటంతట అవియే మానిపోవును. అంతవరకు ఆ కాగితము గోడపై నుండనిండు.